బీకాం తర్వాత ట్యాక్స్ పని ఎక్కడ నేర్చుకోవాలి?
ఆదోనిలో బీకాం అయింది, ట్యాక్స్ పనికి ఎవరి దగ్గర చేరాలి అని అడిగారు. సీఏ కావాలనుంటే ఆర్టికల్‌షిప్, అంటే సీఏ దగ్గర పని చేస్తూ పొందే శిక్షణ తప్పదు. డిగ్రీలో 55 శాతం ఉంటే సీఏ మొదటి పరీక్ష ఫౌండేషన్ రాయకుండా నేరుగా రెండో మెట్టు, సీఏ ఇంటర్మీడియట్‌కి వెళ్లొచ్చు. దాని రెండు గ్రూపులూ పాసై, ఐసీఐటీఎస్ఎస్ అనే కంప్యూటర్, సాఫ్ట్ స్కిల్స్ శిక్షణ ముగించాక రెండేళ్లు ఆర్టికల్‌షిప్. స్టైపెండ్ మీద మరీ ఆశ పెట్టుకోకండి.

అంత చదువు వద్దనుకుంటే ఊళ్లోనే ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర చేరండి. నన్నడిగితే ఆదోనే మంచి చోటు, పత్తి వ్యాపారం ఉన్న ఊరు కదా. రైతు దగ్గర కొన్న ముడి పత్తికి వ్యాపారే రివర్స్ చార్జ్ (అమ్మినవారికి బదులు కొన్నవారు పన్ను కట్టడం) కింద 5 శాతం జీఎస్టీ కట్టాలి. ఆ ఎంట్రీ చదివితే బుర్రకెక్కదు, చేత్తో వేయాల్సిందే. నెలనెలా 11లోపు అమ్మకాల రిటర్న్ జీఎస్టీఆర్-1, 14న వచ్చే 2బీ (కొనుగోళ్ల పన్ను క్రెడిట్ జాబితా)తో కొనుగోలు బిల్లులు సరిచూడటం, 20లోపు పన్ను కట్టే రిటర్న్ 3బీ. అకౌంట్ల సాఫ్ట్‌వేర్ ట్యాలీ మాత్రం ముందే నేర్చుకోండి, లేదంటే కొన్నాళ్లు ఫైళ్లు మోయడమే పని.