నెబ్రాస్కా ఫుట్‌బాల్ జట్టును నేనెందుకు వదల్లేకపోయాను

మీ ప్రశ్న చదవగానే 2017 నాటి నేనే నాకు గుర్తొచ్చాను. ఆగస్టులో ఎం.ఎస్. చదువుకు అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఉన్న లింకన్ వెళ్తున్నాననీ, అక్కడి నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ జట్టు ఏళ్ల తరబడి ఓడుతున్నా ఊరంతా ఎర్రచొక్కాలు తొడుక్కుని స్టేడియానికి ఎందుకు పోతుందో అర్థం కావడం లేదనీ, మనవాళ్లకు ఆ పిచ్చి ఎలా పడుతుందో చెప్పమనీ అడిగారు. నాకు పట్టింది. 2024 దాకా ఎనిమిది సీజన్లు దగ్గరుండి చూశాను. ఆ అనుభవమే చెబుతాను.

ముందు ఆట సంగతి రెండు మాటల్లో. ఇది కాళ్లతో ఆడే మన ఫుట్‌బాల్ కాదు. బంతిని చేతపట్టుకుని నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్లీ నాలుగు అవకాశాలు. అవతలి గీత దాటితే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. అంతదూరం చేరలేనప్పుడు బంతిని కాలితో తన్ని, ఎత్తయిన రెండు స్తంభాల మధ్య నుంచి పంపితే మూడు. సీజనులో పన్నెండు ఆటలు. వాటిలో ఆరు గెలిస్తే సీజను చివర జరిగే ‘బౌల్’ ఆటకు అర్హత వస్తుంది. ఈ ఆరు అనే అంకెను గుర్తుపెట్టుకోండి. నేను అక్కడున్నన్నాళ్లూ మా శనివారాలన్నీ దాని చుట్టూనే తిరిగాయి.

నేను అద్దెకు దిగిన ఇంటి పక్కన డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉండేవారు. తండ్రి కాలం నుంచీ వాళ్ల కుటుంబానికి మెమోరియల్ స్టేడియంలో రెండు సీట్లున్నాయి. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేనని ఆయన భార్య అనడంతో రెండో సీటు నాకు దక్కింది. 2017 సెప్టెంబరు 16న నార్తర్న్ ఇల్లినాయ్‌తో ఆట. పేరున్న జట్టు కాదు, సులువుగా గెలుస్తామని అందరూ అనుకున్నారు. 21-17 తేడాతో ఓడిపోయాం. ఆటలో సగం నాకు అర్థమే కాలేదు. అయితే ఆట ముగిశాక, గెలిచిన జట్టు పిల్లలు మైదానం నుంచి వెళ్తుంటే మా వరుసలోని ముసలివాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఓడించి పోతున్నవాళ్లకు! ఎందుకని అడిగితే, ఇక్కడ ఎప్పటినుంచో ఇదే అలవాటు అన్నారు పెద్దాయన. ఆ స్టేడియం ద్వారాల మీద ‘ఈ ద్వారాల గుండా కాలేజీ ఫుట్‌బాల్‌లోకెల్లా గొప్ప అభిమానులు వెళ్తారు’ అన్న అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు గొప్పలు చెప్పుకుంటున్నారనిపించింది. బయటికి వచ్చేటప్పుడు మళ్లీ చదివాను, అలా అనిపించలేదు.

ఆ రాష్ట్రంలో అగ్రశ్రేణి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టు లేదు. జనాభా దాదాపు ఇరవై లక్షలు. ఆట ఉన్న రోజున స్టేడియంలో చేరే జనాన్ని లెక్కగడితే ఒమాహా, లింకన్‌ల తర్వాత రాష్ట్రంలో అదే మూడో పెద్ద ఊరవుతుంది. 1962 నవంబరు నుంచి అక్కడ ఒక్క ఆటకు కూడా టికెట్లు మిగల్లేదు. 1970, 1971, 1994, 1995, 1997 సంవత్సరాల్లో జాతీయ ఛాంపియన్లు. టామ్ ఆస్బోర్న్ 1973 నుంచి 1997 దాకా పాతికేళ్లు కోచ్‌గా ఉన్నారు. పెద్దాయన ఆ పాతికేళ్ల గురించి చెప్పేటప్పుడు, మా తాతయ్య పాడిపంటలు పుష్కలంగా ఉన్న రోజుల గురించి చెప్పే తీరే గుర్తొచ్చేది.

పతనానికి కారణం అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెబుతారు. 2011లో పాత లీగు వదిలి బిగ్ టెన్ అనే లీగులో చేరాక, టెక్సస్ నుంచి మంచి కుర్రాళ్లను జట్టులోకి తెచ్చుకునే అనుబంధం తెగిపోయిందన్నది ఒక వాదన. అందులో నిజం ఉంది. నా మటుకు అసలు కారణం ఓపిక లేకపోవడమే. 2003లో తొమ్మిది ఆటలు గెలిచిన కోచ్‌ను తీసేశారు. 2014లోనూ తొమ్మిది గెలిచినాయనను తీసేశారు. తొమ్మిది చాలదన్న ఆ ఊరే తర్వాత ఆరు కోసం మొహం వాచిపోయింది.

2017 సీజను 4-8తో, అంటే నాలుగు గెలుపులు, ఎనిమిది ఓటములతో ముగిసింది. చివరి ఆట సొంతగడ్డ మీద అయోవాతో, 56-14తో చిత్తుగా ఓడాం. ఎనిమిది రోజులకే కొత్త కోచ్‌గా స్కాట్ ఫ్రాస్ట్‌ను ప్రకటించారు. ఊళ్లో పండగ. ఆయన నెబ్రాస్కాలోని వుడ్ రివర్‌లో పెరిగిన మనిషి, 1997 ఛాంపియన్ జట్టు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని దాడిని నడిపించే ఆటగాడు. సెంట్రల్ ఫ్లోరిడా జట్టు 2015లో పన్నెండుకు పన్నెండూ ఓడితే, ఆయన కోచ్‌గా చేరిన రెండో ఏడాదికి, 2017లో పదమూడుకు పదమూడూ గెలిచింది. నేను పూర్తిగా నమ్మేశాను. మన దక్కన్ ఛార్జర్స్ 2008 ఐపీఎల్‌లో అట్టడుగున నిలిచి 2009లో కప్పు ఎత్తడం కళ్లారా చూసినవాణ్ణి కదా, ఒక్క ఏడాదిలో రాత మారిపోతుందని అనుకున్నాను.

మారలేదు. 2018 తొలి ఆట ఆరంభపు తన్ను పడగానే మెరుపులు మొదలై రద్దయిపోయింది. తర్వాత వరసగా ఆరు ఓటములు. ఆ రోజుల్లో పరీక్షలకన్నా శనివారాలే నాకు ఎక్కువ భయంగా ఉండేవి.

ఇక 2021. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా బాధంతా అక్కడే ఉంది. ఆ ఏడాది 3-9. తొమ్మిది ఓటముల్లో ఒక్కటి కూడా తొమ్మిది పాయింట్లకు మించిన తేడాతో రాలేదు. సీజను మొత్తం కలిపితే మేం ఇచ్చిన పాయింట్లకన్నా చేసినవే ఎక్కువ. అయినా మూడే గెలుపులు. అక్టోబరులో ఒక రాత్రి మిషిగన్ వచ్చింది. నాలుగో భాగంలో 29-26తో ముందున్నాం. స్టేడియం అదురుతోంది, పెద్దాయన నా భుజం గట్టిగా పట్టుకున్నారు. వాళ్లు సమం చేశారు. మా చేతికి బంతి వచ్చింది, గెలుపు వైపు నడుస్తున్నామనుకున్నాం. మా క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతిని లాగేసుకున్నారు. 32-29. ఇంటికి నడిచివస్తుంటే ఇద్దరమూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ముప్పై పాయింట్ల తేడాతో ఓడితే ఆదివారం పొద్దున్నకి మర్చిపోవచ్చు. గుమ్మం దాకా వచ్చిన గెలుపు వెనక్కి తిరిగి పోతే నిద్ర పట్టదు.

మర్నాడు ఆ కుర్రాడి మీద జనం రాసిన రాతలు చూసి నాకు చాలా కోపం వచ్చింది. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల పిల్లవాడు. దెబ్బలు తగిలినా వారం వారం బరిలోకి దిగాడు. జట్టు మీద విసుగు వస్తే చెప్పుకోండి, వ్యూహాన్ని తిట్టండి, శిక్షణను ప్రశ్నించండి. చదువుకునే పిల్లల జోలికి మాత్రం పోకండి. మీరు వెళ్లాక మీ పక్క సీటులోవాళ్లు అలా అరుస్తుంటే, అరవకండని చెప్పే ధైర్యం కూడా చేయండి. నేను రెండుసార్లు చెప్పాను, రెండుసార్లూ విన్నారు.

2022లో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌తో తొలి ఆట. 28-17తో ముందున్నప్పుడు, బంతిని చిన్నగా తన్ని మళ్లీ మేమే పట్టుకోవాలన్న సాహసం చేశాం. బెడిసికొట్టింది, 31-28తో ఓటమి. రెండు వారాలకు జార్జియా సదరన్ చేతిలో 45-42. అంతకుముందు మెమోరియల్ స్టేడియంలో నెబ్రాస్కా 35 పాయింట్లు లేదా అంతకన్నా ఎక్కువ చేసిన ఆటలు 214, అన్నీ గెలిచినవే. ఆ లెక్క ఆ రాత్రి చెదిరింది. మర్నాడే ఫ్రాస్ట్‌ను తొలగించారు. 16 గెలుపులు, 31 ఓటములతో ఆయన వెళ్లిపోయారు. ఆయనే గెలిపించాలని ఎవరికన్నా ఎక్కువ కోరుకున్నవాణ్ణి, అందుకని ఆ వార్త విని సంతోషించలేకపోయాను.

కొత్త కోచ్ మ్యాట్ రూల్ వచ్చిన 2023లో ఎనిమిది ఆటలకే ఐదు గెలిచాం. మిగిలిన నాలుగింటిలో ఒక్కటి చాలు. మిషిగన్ స్టేట్‌తో మూడు పాయింట్లు, మేరీల్యాండ్‌తో మూడు, విస్కాన్సిన్‌తో అదనపు సమయంలో ఏడు, అయోవాతో ఆఖరి క్షణపు తన్నుతో మళ్లీ మూడు. నాలుగూ పోయాయి. మరుసటి ఏడాది సెప్టెంబరులో టికెట్లన్నీ అమ్ముడైన వరస 400వ ఆటకు చేరితే, ఆ రోజు ఇల్లినాయ్ చేతిలో అదనపు సమయంలో ఓడాం. తర్వాత ఐదు గెలుపుల దగ్గరే నిలిచిపోయి వరసగా నాలుగు ఓటములు. మళ్లీ 2023 వస్తోందని అందరికీ అనిపించింది.

2024 నవంబరు 23, విస్కాన్సిన్‌తో ఆట. ఆ జట్టును 2012 తర్వాత మేం ఒక్కసారీ ఓడించలేదు. అప్పటికి నేను ఒమాహాలో ఉద్యోగం చేస్తున్నాను. పెద్దాయనను కారులో ఎక్కించుకుని వెళ్లాను, మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. 44-25తో గెలిచాం. ఆరో గెలుపు. విద్యార్థులంతా మైదానంలోకి దూకారు. నేను ఏడ్చాను, దాచుకోలేదు. పెద్దాయన మాత్రం లేవలేదు. అరచేతులు రెండూ బల్ల మీద ఆనించి, మైదానం నిండేదాకా చూస్తూ కూర్చున్నారు. తర్వాత విస్కాన్సిన్ పిల్లలు వెళ్తున్న వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. డిసెంబరు 28న న్యూయార్క్‌లో బోస్టన్ కాలేజీని 20-15తో ఓడించి 7-6తో సీజను ముగించాం. 2016 తర్వాత గెలుపులు ఓటములను మించిన తొలి సీజను అది.

ఏడు గెలుపులు నాకు చాలవు. 2024లోనూ అయోవా చేతిలో, 2023లో లాగే 13-10, అదే ఆఖరి తన్ను. దగ్గరి ఆటలను ముగించడం ఈ జట్టు నేర్చుకోవాలి. నేర్చుకునే తొలి ఏడాదిని మీరు అక్కడుండి చూడాలని మనసారా కోరుకుంటున్నాను.

విద్యార్థుల టికెట్ల సంగతి చేరిన వారంలోనే కనుక్కోండి, ఆలస్యం చేస్తే దొరక్కపోవచ్చు. నవంబరు ఆటలకు లోపల ఉన్ని బట్టలు రెండు పొరలు వేసుకుని, పైన ఎర్రది తొడుక్కోండి. ‘రన్‌జా’ అని గొడ్డుమాంసం, క్యాబేజీ కూరిన రొట్టె అమ్ముతారు. మాంసం తినకపోతే ముందే అడిగి కొనండి. ఆట అయిపోగానే బయటికి పరుగెత్తకుండా, ఎదుటి జట్టు వెళ్లేదాకా నిలబడండి. తూర్పువైపు మెట్ల దగ్గర ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన, ఆయన చెయ్యి పట్టుకుని ఒక తెలుగువాడు కనిపిస్తే వచ్చి పలకరించండి.