రాజాంలో ఇంటర్నెట్ ఇవ్వబోతున్న మేనల్లుడికి

బుజ్జీ,

పెద్ద కంపెనీ దగ్గర బ్యాండ్‌విడ్త్, అంటే టోకున ఇంటర్నెట్, కొని రాజాంలో నువ్వే ఇంటర్నెట్ ఇస్తావట, మీ నాన్న చెప్పాడు. రాత్రి రెండుసార్లు లేచి మంచినీళ్లు తాగాను. ఎక్కాలు తప్పు చెప్పి నా చీరకొంగు వెనక దాక్కున్నవాడివి, ఇవాళ ఓనరువి!

లైసెన్సు, జీఎస్టీ, స్తంభాల అనుమతి నీకు తెలిసినవే. నా గుబులంతా ఒప్పందంలో పేమెంట్ టర్మ్స్ పేజీ గురించి. అందరూ రేటు చూసి ఆ పేజీ తిప్పేస్తారు. ఇక్కడ ఇదే వ్యాపారం చేసినప్పుడు మేమూ తిప్పేశాం.

2015 దసరా రోజులు. పెద్ద కంపెనీకి బిల్లు కట్టే గడువు శనివారం. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి మీ మావయ్య నెఫ్ట్ (ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకి డబ్బు పంపే పద్ధతి) కొట్టి, "అయిపోయిందే" అని పడుకున్నాడు. అప్పట్లో నెఫ్ట్ రాత్రిపూట నడిచేది కాదు. పైగా ఆ సెప్టెంబరు నుంచే రెండో, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు. అది నాలుగో శనివారం. మా ఖాతాలో డబ్బు తగ్గింది, వాళ్ల ఖాతాలో పడలేదు. ఒప్పందంలో ఏముందో తెలుసా? తమ ఖాతాలో జమ అయిన రోజే కట్టిన రోజని! ఆదివారం పొద్దున్నే లింకు తీసేశారు. సోమవారం డబ్బు పడినా రీకనెక్షన్ ఛార్జీ కట్టందే ఇవ్వమన్నారు. మంగళవారం సిరిమాను, మా పైడితల్లమ్మ జాతర. ఊరంతా మూడు లాంతర్ల కూడలి దగ్గరుంటే మా ఇంట్లో ఫోన్లు ఆగలేదు. అమెరికాలో ఉన్న కొడుక్కి వీడియోలో సిరిమాను చూపిద్దామనుకున్న ఒక ముసలావిడ ఫోన్‌లో ఏడ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ ఏడాది మీ మావయ్య పైడితల్లమ్మ గుడి వైపు వెళ్లలేదు.

ఏటీ, నవ్వుతున్నావా? నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి, పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు నుంచి రాత్రింబవళ్లు నడుస్తున్నాయని నాకూ తెలుసులే. అయినా సర్వర్ మొరాయించదా? డబ్బు మన ఖాతాలోంచి వెళ్లిన రోజే లెక్కని రాయించు. ఒప్పుకోకపోతే, ముందు నోటీసిచ్చి ఐదు పనిరోజులు ఆగకుండా లింకు తీయకూడదని పట్టుబట్టు. గడువు బిల్లు మనకు చేరిన రోజు నుంచి మొదలవ్వాలి. బిల్లులో తేడా ఉంటే ఒప్పుకున్నంత కట్టి, మిగతాది తేలేదాకా ఆపుకునే వీలుండాలి. కట్టిన ప్రతిసారీ బిల్లు నంబరు, యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే నంబరు) కలిపి మెయిల్ చెయ్యి. టీడీఎస్, అదే బిల్లులోంచి పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను, కట్ చేస్తే సర్టిఫికెట్ పంపు, లేదంటే అదీ బాకీ కిందే చూపిస్తారు.

"మా బ్యాంకు ఖాతా మారింది" అని మెయిలొస్తే నమ్మేయకు నాయనా. ఒప్పందంలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అడుగు.

సంతకం పెట్టేముందు ఆ పేజీ ఫొటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. కొత్త కళ్లజోడు వచ్చింది. లేదా ఆదివారం నువ్వే తీసుకురా, చోడిపిండి అట్లు పోస్తాను.

మీ అత్త
విజయనగరం