పడవ ఇచ్చి రైఫిల్ తెచ్చుకుంటానన్న అల్లుడికి

సిరొంచ, గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర

అల్లుడా,

మొన్న ఫోన్లో నువ్వు చెప్పింది సగమే వినబడింది. మిగతా సగం మీ అమ్మ, అదే మా అక్క, చెప్పింది. చేను కాడ బోర్లించి పెట్టిన బావ పడవను ఎవరో మక్కల బేరగాడు అడుగుతున్నాడట. బదులుగా 315 బోర్ రైఫిల్ ఇస్తాడట, పైన ఒక్క రూపాయి పెట్టక్కర్లేదట. "పడవ ఊరికే ఎండుతోంది, పందులేమో మక్క చేను దున్నేస్తున్నయి, ఇంకేం ఆలోచించాలె" అన్నావట నువ్వు. నేను మాత్రం రెండు రాత్రులు అదే ఆలోచించాను. ఫోన్లో తేలే ముచ్చట కాదని కూర్చుని రాస్తున్నాను.

బావ పోయిన ఇంట్లో ఆయన వస్తువు గురించి మాట్లాడితే అందరూ కళ్లనీళ్ల దాకా పోతారు. నేనట్లా అనను. గుర్తుగా ఉంచుకో అని కూడా చెప్పను. చెక్క వస్తువు చెక్క వస్తువే. అవసరం లేకపోతే అమ్ముకోవచ్చు. నాకు నచ్చనిది అమ్మడం కాదు, మారకం. పడవ ధర ఎంతో నీకు తెలియదు, రైఫిల్ ధర ఎంతో నీకు తెలియదు. రెండూ తెలియనివాడికి మారకం ఎప్పుడూ సమానంగానే కనబడుతుంది.

ముందు ఒక్కటి అడుగుతాను. మక్కలు కొనేవాడికి పడవ ఎందుకు? వంతెన కట్టాక మన రేవులో పడవ ఎక్కేవాళ్లు లేరు. నేనే ఇరవై ఏండ్లు కాళేశ్వరానికి జనాన్ని దాటించి, బస్సులు వంతెన ఎక్కిన ఏడాది గడ పక్కన పెట్టేసినవాణ్ని. మరి ఇప్పుడెందుకు అడుగుతున్నాడు? వేళ్లు మడిచి లెక్కపెట్టు. గోదావరి పుష్కరాలు పోయినసారి 2015లో వచ్చాయి. పన్నెండేండ్లకు 2027. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలప్పుడు సిరొంచ ఘాట్ దగ్గర జనం ఎంత వచ్చారో నువ్వూ చూశావు. అవి ప్రాణహితవి, వచ్చేవి గోదావరివి. అతని మనసులో ఏముందో నేను చూడలేదు గానీ, పడవల వెంట తిరిగినవాణ్ని కాబట్టి ఈ అనుమానం వచ్చింది. నీకు పనికిరాదని తోస్తున్నదాని కోసం అవతలివాడు వెతుక్కుంటూ వచ్చాడంటే, దాని సంగతి అతనికి నీకంటే ఎక్కువ తెలుసన్నమాట.

ఇక తుపాకీ. దీని మీద మాట్లాడే అర్హత నాకెక్కడిది అనుకుంటావేమో. ఉంది. ఇప్పటిదాకా మీ అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మా నాయన దగ్గర మందు దట్టించే భర్మార్ తుపాకీ ఉండేది, పంట కాపలా లైసెన్సు మీద. నాకు పందొమ్మిదేండ్లప్పుడు, వానాకాలం, నాయన ఊళ్లో లేని రాత్రి, చెప్పకుండా దాన్ని మంచె మీదికి తీసుకుపోయాను. సన్నగా తుంపర. మందు తడవకుండా తువ్వాల చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. అర్ధరాత్రి దాటాక జొన్నల్లో గలగలమని చప్పుడు. ఎత్తైన జొన్న, చీకటి, కంకులు కదలడం తప్ప ఏమీ కనబడలేదు. పందే అనుకుని పేల్చాను. పంది అయితే కీచుమంటుంది. వచ్చింది దూడ అరుపు. పక్క ఇంటివాళ్ల బర్రె దూడ తాడు తెంపుకుని వచ్చింది. రవ్వలు వెనక తొడలో దిగాయి. మూడో రోజు చచ్చిపోయింది. నా అరచేతికి అంటిన మసి అది చచ్చేదాకా కూడా పూర్తిగా పోలేదు. నాయన తిరిగొచ్చి ఒక్క మాట అనలేదు. మా కొట్టంలోని దూడను తోలుకుపోయి వాళ్ల గాటికి కట్టేసి వచ్చాడు. ఆ వారమే తుపాకీ ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. అయినా మూడేండ్లు ఆ ఇంటివాళ్లు మా గడప తొక్కలేదు.

అది కాస్త దూరం పోయేసరికి చల్లబడే రవ్వల తుపాకీ. నీకు ఇస్తానంటున్నది 315. దాని తూటా గురి తప్పితే చేను గట్టు దగ్గర ఆగదు. కిలోమీటరు దాటి కూడా మనిషిని పడగొట్టగలదు. నీ చేనుకు ఒక పక్క వాడ, ఇంకో పక్క గోదావరి. ఎండాకాలం ఇసుకలో పుచ్చ తీగలు పెట్టుకుని గుడిసెలు వేసుకునేవాళ్లు ఎంతమంది ఉంటారు? రాత్రిపూట వలలకు పోయేవాళ్లు టార్చి కూడా వేయరు. వెనక మట్టి దిబ్బ లేకుండా ఏ దిక్కున పేలుస్తావో ఒక్కసారి చేను మధ్యలో నిలబడి చుట్టూ తిరిగి చూడు. నాకైతే ఒక్క దిక్కూ తోచలేదు.

చట్టం సంగతి. ఆయుధ చట్టం 1959ది. పంట కాపలా కోసమని అందులో పేరు పెట్టి చెప్పింది మందు దట్టించే తుపాకీనే. రైఫిల్ వేరే లెక్క. అది నీకెందుకు కావాలో గడ్చిరోలిలో కలెక్టరును ఒప్పించాలి. పోలీసు విచారణ, డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ వాడకం నేర్చుకున్నట్టు కాగితం, ఇంట్లో తాళం వేసి భద్రంగా పెడతానని హామీ, ఇవన్నీ కావాలి. గడ్చిరోలికి ఇక్కడి నుంచి దాదాపు రెండు వందల కిలోమీటర్లు, ఆలాపల్లి మీదుగా ఆ రోడ్డు నీకు తెలియనిది కాదు. నాయన లైసెన్సు పొడిగింపు కోసం ఒక ఆఫీసు చుట్టూ ఏడుసార్లు తిరిగాను. ఏడోసారి కూడా సారు సెలవులోనే ఉన్నాడు.

అతని దగ్గర సరైన లైసెన్సు ఉందనే అనుకుందాం. అప్పుడు కూడా నీకు సొంత లైసెన్సు ముందు రావాలి. అమ్మేవాడు కలెక్టరుకో దగ్గరి ఠాణాకో రాతపూర్వకంగా తెలిపి, 45 రోజులు గడిచాకే తుపాకీ చేతులు మారాలి. డబ్బుకు ఇచ్చినా పడవకు ఇచ్చినా బదిలీ బదిలీయే. "కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నాడని అక్క చెప్పింది. ఆ మాట విన్నాకే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. లైసెన్సు లేని తుపాకీ ఇంట్లో దొరికితే, 2019 సవరణ తర్వాత కనీసం రెండేండ్లు, ఐదేండ్ల దాకా జైలు. అతని పేరు మీద ఉన్న తుపాకీ మీ ఇంట్లో దొరికినా నీది లైసెన్సు లేని ఆయుధమే.

ఇంకా ఇది గడ్చిరోలి జిల్లా, నక్సలైట్లు తిరిగిన చోటు. నాగపూరులోనో చంద్రపూరులోనో ఉన్నవాడికి తుపాకీ ఒక ముచ్చట. మన దగ్గర ఇంట్లో ఆయుధం ఉందని తెలిస్తే పగలు ఒకరు, రాత్రి ఇంకొకరు వచ్చి అడిగిన కాలం నేను చూశాను. ఈ మధ్య ఏండ్లలో లోపలి ఊర్ల జనం తాతల నాటి భర్మార్లు తామే తెచ్చి పోలీసులకు అప్పగించారు. వాళ్లు వదిలించుకున్న బరువును నువ్వు పడవ ఇచ్చి మరీ ఎత్తుకుంటానంటున్నావు.

పందుల సంగతి తేలిక కాదు, నాకు తెలుసు. మక్క పాలు పోసుకునే రోజుల్లో ఒక్క మంద రాత్రికి రాత్రి అరెకరం పడేస్తుంది. కానీ రైఫిల్ చేతిలో ఉన్నా పందిని కొట్టడానికి నీకు హక్కు రాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అటవీ శాఖ రాసి ఇచ్చిన అనుమతి లేకుండా కొడితే అదో కేసు. కరెంటు తీగ ఆలోచన మాత్రం కలలో కూడా పెట్టుకోకు. తీగకు పందీ మనిషీ ఒకటే.

చేయగలిగింది చెప్తాను. పంట పడిన తెల్లారే ఫోటోలు తీసి, మూడు రోజుల్లోపు అటవీ శాఖకు అర్జీ ఇవ్వు. పంచనామా చేసి పరిహారం ఇస్తారు. నువ్వు పోయినేడు వారం దాటాక పోయావు, అందుకే కాగితం వెనక్కి వచ్చింది. చేను చుట్టూ నాలుగు సాళ్లు కుసుమ వెయ్యి. ముళ్లకు ముక్కు గీసుకుపోతే పంది లోపలికి రావడానికి వెనకాడుతుంది. అక్క పాత చీరలు కట్టడం కూడా పనికొస్తుంది గానీ నెల రోజులే. తర్వాత పందులకు చీరలు అలవాటైపోతాయి. అన్నిటికంటే సౌర కంచె మేలు. అడవి అంచు ఊర్లకు సబ్సిడీ ఉంది, గ్రామసభలో అడగాలి. నలుగురు రైతులు కలిస్తే ఖర్చు నలుగురి మీదా పడుతుంది.

ఇప్పుడు పడవ. "ఊరికే పడి ఉంది" అన్నావు చూడు, అక్కడ నాకు కోపం వచ్చింది. 2022 జూలై మరిచిపోయావా? భద్రాచలం దగ్గర 71.3 అడుగులు ఎక్కిన వరద అది. ఆ నీళ్లలో చాలావరకు మన పక్క నుంచి పోయినవే. 1986లో 75.6 అడుగుల దాకా పోయినప్పుడు నేను నీ వయసువాణ్ని, అప్పుడు కూడా రోడ్లు మునిగాక జనాన్ని దాటించింది నాటు పడవలే. 2022లో ఆ రాత్రి మీ చేను పక్క వాడలోంచి ముసలివాళ్లను, పిల్లలను బావ చుక్కాని పట్టుకుంటే నువ్వే గడ వేసి తెచ్చావు. ఆ పడవ ఆ ఏడాదిలో నీళ్ల మీద తేలింది మొత్తం నాలుగు రోజులేమో. దానికి ఆ నాలుగు రోజులే పని.

పైగా అది టేకు. బావ ఆలాపల్లి కలప డిపో వేలంలో కాగితం మీద కొన్న కర్రతో చేయించింది. 2023లో అయోధ్య గుడి తలుపుల కోసం బల్లార్షా నుంచి టేకు పోయినప్పుడు ఊరంతా ఊరేగింపు చూడ్డానికి పోయాం గదా, ఆ అడవి కర్రే. ఇవాళ ఆ పొడవు పలకలు తెచ్చి, వడ్రంగిని పెట్టి చేయించాలంటే ఎంతవుతుందో సిరొంచలో ఇద్దరు వడ్రంగులను విడివిడిగా అడుగు. రసీదు బావ ఇనప పెట్టెలో ఉండాలి, అక్కను వెతకమను. అమ్మాలన్నా అది చేతిలో ఉండాలి.

అయితే పడవ బాగుందని కూడా నేను గుడ్డిగా అనను. బావ పోయాక రెండు వానాకాలాలు అది నేల మీదే ఉంది. ముందు పైకి లేపి చూడు. పొడవాటి మేకు తీసుకుని అడుగు పలక వెంబడి, ముక్కు నుంచి తోక దాకా, జానెడుకో పోటు పొడుచుకుంటూ పో. మేకు ఖంగుమని ఆగితే టేకు బతికి ఉంది. మెత్తగా దిగితే అక్కడ పుచ్చింది, ముగ్గు గీత పెట్టు. ఎర్ర మట్టి గూళ్లు కనబడితే చెదలు, వెంటనే గీకెయ్యి. గీతలు మూడు నాలుగు దాటకపోతే బాగు చేయించొచ్చు. అడుగు పలక సగం పుచ్చితే నా మాట కూడా పక్కన పెట్టి అమ్మేసెయ్. కానీ నగదుకు, నలుగురిని అడిగి, ఆ మక్కల మనిషికే అయినా సరే.

పందుల గొడవ పక్కన పెడితే, నీకు గురి మీదే మోజు ఉందని అనుమానం. 2024లో పారిస్‌లో కొల్హాపూర్ పిల్లవాడు స్వప్నిల్ కుసాలే రైఫిల్‌లో కంచు పతకం తెచ్చిన రోజు నువ్వు నాకు మూడుసార్లు వీడియో పంపావు. అందులో తప్పేమీ లేదు. ఆ ఆట నేర్చుకోవాలంటే గాలి రైఫిల్‌తో మొదలుపెట్టు. బోరు 4.5 మిల్లీమీటర్లు దాటకుండా, బలం 20 జౌల్స్ దాటకుండా ఉన్నదానికి లైసెన్సు అక్కర్లేదు. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొను, బిల్లు దాచిపెట్టుకో. పది మీటర్లకు కాగితం గురి, వెనక ఇసుక బస్తాలు, చుట్టుపక్కల పిల్లలు లేని వేళ. ఇది పందికి గానీ పిట్టకు గానీ కాదు, కాగితానికి మాత్రమే. ఒక మక్క పంట డబ్బులో కొంచెం తీసినా వస్తుంది, దానికి పడవ ఇవ్వక్కర్లేదు.

ఆ మనిషికి నేరుగా కాదనడం నీకు కష్టమైతే నా పేరు చెప్పు. మామ ఒప్పుకోలేదు, పడవలో మామకు కూడా వాటా ఉంది అను. అబద్ధమేం కాదు, గడలు రెండూ నేను కొట్టించినవే.

ఆదివారం వస్తాను. ఆలోగా నలుగురిని పట్టి పడవను నేల మీంచి లేపి నాలుగు రాళ్ల మీద పెట్టించు, కింద గాలి ఆడాలి. మేకు పోట్లు నేను వచ్చేసరికి అయిపోయి ఉండాలి. గుగ్గిలం నేను తెస్తాను. అంకీసలో దొరికే నూలు వత్తులు మందంగా ఉన్నవి కిలో, మంచి నూనె రెండు లీటర్లు నువ్వు తెచ్చి పెట్టు. సందులు నింపాక లోపల నీళ్లు పోసి రెండు రోజులు ఉంచాలి, పలకలు ఉబ్బి దగ్గరికి వస్తాయి. బిందెలు అక్కవి తీసుకోకు, పోయినసారి సొట్ట పెట్టామని ఇంకా అంటోంది.

మీ మామ