పది నిమిషాల్లో తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాలా?

చేయి హఠాత్తుగా పట్టు తప్పి, మాట ముద్దగా వచ్చి, పది నిమిషాల్లో అంతా మామూలైపోతే ఆసుపత్రికి వెళ్లాలా అని మీ ప్రశ్న. వెళ్లాలి, అదీ వెంటనే. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ దానంతటదే కరిగి ఉండవచ్చు. కానీ అది పుట్టిన చోటు అలాగే ఉంది: మెడలోని కెరోటిడ్ ధమనిలో పేరుకున్న కొవ్వు కావచ్చు, లయ తప్పి కొట్టుకునే గుండె కావచ్చు. ఇలా జరిగాక తర్వాతి మూడు నెలల్లో వచ్చే స్ట్రోకుల్లో (పక్షవాతం) సుమారు సగం మొదటి రెండు రోజుల్లోనే వస్తాయి.

2007లో వెలువడిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం నాకు ఇష్టమైనది. ఇలాంటి తాత్కాలిక లక్షణాలో, చిన్నపాటి స్ట్రోకో వచ్చినవారిని ఆలస్యం లేకుండా పరీక్షించి మందులు మొదలుపెట్టారు. 90 రోజుల్లో మళ్లీ స్ట్రోక్ వచ్చినవారు 10.3 శాతం నుంచి 2.1 శాతానికి తగ్గారు. కొత్త మందేమీ కనిపెట్టలేదు, ఉన్నవాటినే త్వరగా ఇచ్చారు, అంతే!

అలాగని ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మీరే మింగకండి. కారణం రక్తస్రావమైతే అది ప్రమాదం. గడ్డో రక్తస్రావమో స్కాన్ తీస్తేనే తేలుతుంది. లక్షణాలు మళ్లీ మొదలైతే ఆ సమయం రాసిపెట్టుకుని డాక్టరుకు చెప్పండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు.