సంఘంలో టీనేజీ పిల్లలకు ప్రేమ గురించి ఎలా చెప్పాలి? హన్మకొండ నుంచి ఒక సండే స్కూల్ టీచర్ జవాబు

జగిత్యాల దగ్గర ఒక చిన్న సంఘంలో 14 నుంచి 18 ఏళ్ల పిల్లలకు ప్రేమ, డేటింగ్ విషయాలు బోధించమని పాస్టరు గారు మీకు అప్పగించారనీ, ఆ మాట ఎత్తితేనే పిల్లలు చెడిపోతారని సంఘ పెద్దలు అంటున్నారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదనీ మీరు రాశారు. నేను హన్మకొండలో ఉన్నత పాఠశాల పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. మా సంఘంలో ఈ వయసు పిల్లల తరగతిని పదకొండేళ్లుగా, ఆదివారం ఆరాధన ముగిశాక నడుపుతున్నాను. నేను చేసిన పొరపాటుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నా తరగతి ఇప్పుడున్న తీరు అందులోంచే వచ్చింది.

మొదటి మూడేళ్లు నా బోధ అంతా హెచ్చరికే. ఈ వయసులో ప్రేమలు వద్దు, తల్లిదండ్రులను సన్మానించండి, మీ దేహం దేవుని ఆలయం అని ఏటా వేసవి బైబిలు తరగతుల్లో ఒక గంట గట్టిగా చెప్పి, ప్రార్థన చేసి పంపేదాన్ని. పెద్దలు మెచ్చుకునేవారు. ఆ రోజుల్లో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయిని (ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను) మరో సంఘంలో కీబోర్డు వాయించే అబ్బాయి ఫొటోలు అడిగి తీసుకుని, మాట్లాడటం మానేస్తే వాటిని అందరికీ పంపిస్తానని నాలుగు నెలలు బెదిరించాడు. ఆ నాలుగు నెలలూ ఆ పిల్ల ప్రతి ఆదివారం నా ఎదురుగానే కూర్చుంది. చివరికి విషయం తల్లి కంటపడింది. నాకెందుకు చెప్పలేదమ్మా అని అడిగితే, "మీరే చెప్పిన్రు గదక్కా, ఒక్కసారి మరక పడితే తెల్లబట్ట మళ్ల తెల్లగ కాదని" అంది. ఆ పోలిక నాదే. బాగా కుదిరిందని లోలోపల మురిసిపోయిన పోలిక అది.

అప్పటి నుంచి ఒక్కటే గీటురాయి పెట్టుకున్నాను: ఈ పాఠం విన్న పిల్ల రేపు ఇబ్బందిలో పడితే నా దగ్గరికి రాగలుగుతుందా, లేక ఇంకా దూరం జరుగుతుందా? పరిశుద్ధత గురించి చెప్పడం నేను మానలేదు. పెళ్లి వరకు ఆగమనే ఇప్పటికీ చెబుతాను. ప్రేమను దానంతట అది మేల్కొనే వరకు లేపవద్దన్న మాట పరమగీతములో మూడుసార్లు (2:7, 3:5, 8:4) ఎందుకు వస్తుందో పిల్లల చేతనే వెతికించి చదివిస్తాను. ఆకర్షణ కలగడం పాపం కాదనీ, అది దేవుడు చేసిన శరీరం తన పని తాను చేయడమేననీ జీవశాస్త్రం టీచరుగా కూడా చెబుతాను. కానీ ఆగమని చెప్పే నోటితోనే, ఆగలేకపోయిన పిల్లకు ఇక చోటు లేదన్నట్టు మాట్లాడటం మానుకున్నాను.

డేటింగ్ అనే మాట మన పిల్లల బతుకుకు అంతగా అతకదని కూడా గమనించండి. మాకు ఒకసారి దానంగా వచ్చిన విదేశీ పాఠ్యపుస్తకంలో అబ్బాయి అమ్మాయి ఇంటికి వచ్చి, తల్లిదండ్రులకు చెప్పి, ఆమెను భోజనానికి తీసుకువెళతాడు. అది కాజీపేట రైల్వే క్వార్టర్లలోనూ జరగదు, మీ జగిత్యాలలోనూ జరగదు. ఇక్కడ జరిగేది రాత్రి పదకొండు దాటాక దుప్పటి కింద చాటింగ్, ట్యూషన్ దారిలో పది నిమిషాల మాటలు, ఎప్పుడైనా భద్రకాళి చెరువు బండ్ మీద ఒక సాయంత్రం, ఆ తరువాత స్నేహితుల ముందు "మేం కమిటెడ్" అనే ప్రకటన. అంతా చాటుమాటుగా సాగుతుంది కాబట్టి, అందులో ఏదైనా వికటించినా పిల్లలకు చెప్పుకునే దారి ఉండదు. అందుకే ఆ పుస్తకాన్ని పక్కన పెట్టి, వారు నిజంగా ఏం చేస్తున్నారో దాని గురించే మాట్లాడటం మొదలుపెట్టాను.

నా తరగతిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకునే పాఠం రెండవ సమూయేలు 13వ అధ్యాయం. మన ప్రసంగ పీఠాల మీద దీన్ని చదవగా నేను అరుదుగా విన్నాను. దావీదు పెద్ద కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారును ప్రేమించానని అనుకుని చిక్కిపోతాడు. రోగం వచ్చినట్టు నటించమని అతడి స్నేహితుడు యోనాదాబు సలహా ఇస్తాడు. తామారు వద్దని స్పష్టంగా చెప్పినా అమ్నోను వినకుండా బలవంతం చేస్తాడు, ఆ వెంటనే అంతకుముందు ప్రేమించిన దానికంటే ఎక్కువగా ద్వేషించి, పనివాడిని పిలిచి ఆమెను గెంటించి తలుపు వేయిస్తాడు. సంగతి విన్న దావీదుకు చాలా కోపం వచ్చిందని మాత్రమే ఉంటుంది; కొడుకును ఏం చేశాడో ఉండదు. తామారు సొంత అన్న అబ్షాలోము ఊరుకొమ్మని ఆమెకే చెబుతాడు. నేను వ్యాఖ్యానం చేయకుండా అధ్యాయమంతా చదివించి, దీన్ని ఎవరు ఎక్కడ ఆపగలిగేవారో చెప్పమంటాను. మొదటిసారి అడిగినప్పుడు పదో తరగతి అబ్బాయి ఒకడు, "యోనాదాబులు మా వాట్సాప్ గ్రూపుల ముగ్గురున్నరు అక్కా" అన్నాడు. అందరూ నవ్వారు, తరువాత ఎవరూ నవ్వలేదు. స్నేహితుడిని ఉసిగొల్పేవాడి పాత్ర ఏమిటన్నది నేను పది ప్రసంగాలు చేసినా వారికి అంతగా ఎక్కేది కాదు. తామారు తప్పేమిటని కూడా అడుగుతాను, ఎందుకంటే ప్రతి ఏడూ ఎవరో ఒకరు "ఆ గదిలకు ఎందుకు పోయింది" అంటారు. తండ్రి పంపితే, జబ్బుపడిన అన్నకు అప్పాలు చేసిపెట్టడానికి వెళ్లిందని వచనం చూపించి వారే సమాధానం చెప్పుకునే వరకు ఆగుతాను.

ఆ తరువాతి వారం మన ఊరి సంగతి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది, వారిలో ఒకరు ఆ నెలాఖరులో చనిపోయారు. ప్రేమను నిరాకరించారన్న కక్షే దానికి కారణమని అప్పట్లో చెప్పుకున్నారు. నా తరగతిలో ఉన్న పిల్లల్లో చాలామంది అప్పటికి ఇంకా పుట్టలేదు. నిందితులు పోలీసు కాల్పుల్లో మరణించడం మీదికి చర్చ తొందరగా జారిపోతుంది, దాన్ని అక్కడే ఆపుతాను. నాకు కావలసిన ప్రశ్న అంతకంటే ముందుది: కాదన్న మాట వినగానే ఒక మగపిల్లవాడికి ఏమనిపిస్తుంది, అనిపించిన దానితో అతడు ఏం చేయాలి? మన సినిమాల్లో నాయకుడు వెంటపడితే చివరికి నాయిక మెత్తబడుతుంది కాబట్టి, కాదంటే ఇంకా ప్రయత్నించమని అర్థమని నమ్మే మంచి పిల్లలు మన సంఘాల్లోనే ఉన్నారు. వెంటపడి వేధించడం శిక్షాస్మృతికి 2013లో చేసిన సవరణతో విడిగా నేరమైందనీ, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద కూడా నేరమేననీ చెబితే నిజంగానే ఆశ్చర్యపోతారు. అయితే చట్టంతో భయపెట్టడం కన్నా, కాదనిపించుకున్న బాధను ఒప్పుకోవడానికి అబ్బాయిలకు చోటివ్వడం ముఖ్యమని నా అభిప్రాయం. ఆ ఒక్క వారం అబ్బాయిలను విడిగా కూర్చోబెట్టమని సంఘంలోని ఒక అన్నను అడుగుతాను. ఆయన లోకో షెడ్‌లో పనిచేస్తారు, తనను ఒకప్పుడు ఒకమ్మాయి కాదన్న సంగతి మొహమాటం లేకుండా చెబుతారు.

బావ వరస సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు గానీ మన దగ్గర తప్పించలేరు. మేనబావ చేయి పట్టి లాగినా, పెళ్లిలో అందరి ముందు ఏడిపించినా, "వరసైనోడే గదా" అని పెద్దలు నవ్వేస్తారు. ఆ అమ్మాయికి ఇష్టం లేదన్న మాట ఎవరికీ వినిపించదు. వరస ఉండటం అనుమతి కాదని నేను అమ్మాయిలకే కాదు, తల్లులకు కూడా చెబుతాను. అదే విధంగా సంఘంలో అందరినీ బ్రదర్, సిస్టర్ అని పిలుచుకోవడం మీద పిల్లలు జోకులు వేసుకుంటారు. యౌవన స్త్రీలను అక్కచెల్లెళ్లుగా, పూర్ణ పవిత్రతతో చూడమని తిమోతికి పౌలు రాసింది కేవలం పిలుపు కాదని, అది నడవడి అని ఆ జోకు దగ్గరే చెప్పవచ్చు.

చట్టం గురించి మొదటి రోజే చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు అందరూ, అబ్బాయిలు సహా, పిల్లలే. లైంగిక విషయాల్లో వారి ఇష్టాన్ని చట్టం సమ్మతిగా లెక్కించదు. పెళ్లికి అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండాలి. 17 ఏళ్ల అమ్మాయితో పారిపోయిన అబ్బాయి జైలుకు వెళ్లవచ్చని విన్నప్పుడు వెనక బెంచీల్లో గుసగుసలు ఆగిపోతాయి. అలాంటి నేరం జరిగిందని నాకు తెలిస్తే పోలీసులకు తెలియజేయడం నా బాధ్యత. అందుకే ఏదైనా రహస్యంగా ఉంచుతానని ఎవరికీ మాట ఇవ్వను. "నీకెవరంటే ఇష్టమో మీ అమ్మకు చెప్పను, కానీ నిన్నెవరైనా బాధపెడుతుంటే దాచను" అని ముందే తేటగా చెబుతాను. పిల్లల హెల్ప్‌లైన్ 1098, మహిళల హెల్ప్‌లైన్ 181, సైబర్ నేరాలకు 1930, ఇవి కాక ఆడపిల్లలను వేధించేవారి సంగతి చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్ ఉన్నాయని బైబిలు వెనక అట్ట లోపల రాయిస్తాను. ఫొటోలతో బెదిరించేవాడికి డబ్బు గానీ మరో ఫొటో గానీ ఇవ్వకూడదనీ, వాడి సందేశాలను చెరిపేయకుండా పెద్దవారికి చూపించాలనీ మాత్రం రెండుసార్లు చెప్పండి.

కులం, మతం దగ్గర నాకు ఇప్పటికీ సులువైన సమాధానం లేదు. అవిశ్వాసులతో జోడు కలవవద్దన్న కొరింథు పత్రికలోని మాటను తల్లిదండ్రులు గట్టిగా పట్టుకుంటారు. కానీ ఇద్దరూ విశ్వాసులే అయి, ఒకే సంఘంలో బాప్తిస్మం తీసుకుని, కులాలు వేరైతే అదే తల్లిదండ్రులు ఒప్పుకోరు. పిల్లలు ఇది గమనిస్తారు, అడుగుతారు. 2018లో మిర్యాలగూడలో జరిగిన పరువు హత్య గురించి కూడా అడుగుతారు. ఆ రోజు నేను పెద్దలను వెనకేసుకు రాను.

పెద్దల అభ్యంతరానికి వస్తే, వాదించకండి. తరగతికి ముందు ఒక సాయంత్రం తల్లిదండ్రులను పిలిచి, మీరు చెప్పబోయే పాఠాలను వారికే ముందు చెప్పండి. మా దగ్గర ముందు గట్టిగా వ్యతిరేకించిన సంఘ పెద్ద ఒకరు తామారు అధ్యాయం విన్నాక ఏమీ మాట్లాడకుండా వెళ్లిపోయి, మరుసటి వారం తన మనవరాలిని తీసుకువచ్చి కూర్చోబెట్టారు.

ఇక మొదటి ఆదివారం ఎవరూ నోరు విప్పరు. అందుకని అందరికీ ఒకే కొలత కాగితం ముక్క, ఒకే రంగు పెన్ను ఇచ్చి, ప్రశ్న ఉన్నవారు ప్రశ్న, లేనివారు ఏదో ఒక వచనం రాసి బిస్కెట్ డబ్బాలో వేయమంటాను. అందరి చేతులూ కదులుతుంటాయి కాబట్టి ఎవరు అడిగారో తెలియదు. నేను ఈ పద్ధతి పెట్టిన మొదటి ఏడాది 31 చీటీల్లో 29 వచనాలే వచ్చాయి. మిగిలిన రెండింటిలో ఒకటి ముద్దు పెట్టుకుంటే పాపమా అని. రెండోది, "అన్న లాంటోడే అని అమ్మ అంటది, నాకు మాత్రం భయమైతది, ఏం చేయాలె" అని. దానికి అందరి ముందు జవాబు చెప్పలేదు. ఆ ఆదివారం నుంచి తరగతి అయిపోయాక అరగంట సేపు చర్చి వెనక వేపచెట్టు కింద రెండు కుర్చీలు వేసుకుని, ఒకదానిలో నేను కూర్చోవడం మొదలుపెట్టాను. మూడో వారం ఆ పిల్ల వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది.