లో-కోడ్ యాప్ స్లోగా ఉందని ఫీల్డే మారిపోవాలా?

ప్రశ్న: బీకామ్ కంప్యూటర్స్ చేశాను సార్. ఏడాదిన్నరగా హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పవర్ యాప్స్ (పెద్దగా కోడ్ రాయకుండా యాప్‌లు తయారుచేసే మైక్రోసాఫ్ట్ లో-కోడ్ టూల్) మీద చేస్తున్నా. మా గోడౌన్ గేట్‌పాస్ యాప్ ఓపెన్ అవ్వడానికే 20 సెకన్ల పైన పడుతోంది, గేట్ దగ్గర లారీలు ఆగిపోతున్నాయని రోజూ మాటలు పడుతున్నా. డేటా అంతా మైక్రోసాఫ్ట్ షేర్‌పాయింట్‌లో టేబుల్ లాంటి ఒక లిస్ట్‌లో ఉంది, 18 వేల ఎంట్రీలు దాటింది. లో-కోడ్ అంటే ఇంతే, మానేసి అమీర్‌పేటలో జావా ఫుల్ స్టాక్ చేరమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: జావా నేర్చుకోవద్దని అననమ్మా, కానీ ఈ యాప్‌ని ఇలా వదిలేసి మాత్రం వెళ్లకు. అక్కడికెళ్లి నువ్వు రాసే కోడ్ కూడా డేటా మొత్తం ఫోన్‌లోకి లాక్కుని అందులో వెతికితే ఇలాగే నత్తనడక నడుస్తుంది. కాబట్టి ఈ జబ్బు లో-కోడ్‌ది కాదు, దాన్ని ఇక్కడే పట్టుకోవడం నేర్చుకుంటే ఎక్కడికెళ్లినా పనికొస్తుంది.

ముందు ఊహలు మానేసి టైమ్ కొలిచి చూడు. పవర్ యాప్స్ స్టూడియోలో మానిటర్ అని ఉంటుంది, అది ఆన్ చేసి యాప్ తెరిస్తే సర్వర్‌కి వెళ్లిన ఏ కాల్‌కి ఎంత టైమ్ పట్టింది, ఎంత డేటా వచ్చింది అన్నీ వరుసగా కనపడతాయి. ఒక స్క్రీన్‌షాట్ తీసి తేదీ వేసి దాచుకో, తర్వాత దానితో పనుంది.

ఇలాంటి యాప్‌లలో నేను ఎక్కువగా చూసింది యాప్ తెరవగానే నడిచే ఆన్‌స్టార్ట్‌లో ఐదారు లిస్టుల్ని ఒకదాని తర్వాత ఒకటి క్లియర్‌కలెక్ట్‌తో ఫోన్‌లోకి తెచ్చుకోవడం. మొదటిది వచ్చేదాకా రెండోది కదలదు, అన్నీ వచ్చేదాకా గేట్ దగ్గర వాచ్‌మన్ ఆ తిరిగే చుక్కల్నే చూస్తూ నిలబడాలి. మొదటి స్క్రీన్‌కి నిజంగా కావలసినవి ఎన్నో చూడు, ఒకటో రెండో ఉంటాయి, అవి మాత్రం అక్కడ ఉంచి, ఒకదానిమీద ఒకటి ఆధారపడనివైతే కాంకరెంట్ ఫంక్షన్‌లో పెట్టు, అన్నీ ఒకేసారి బయల్దేరతాయి. మిగతావి ఆ స్క్రీన్ తెరిచినప్పుడు తెచ్చుకోవచ్చు. మొదటి స్క్రీన్ ఏదో ఆన్‌స్టార్ట్‌లో నావిగేట్ రాసి చెప్పకు, స్టార్ట్‌స్క్రీన్ ప్రాపర్టీలో చెప్పు.

అసలు భయపడాల్సింది డెలిగేషన్ గురించి. డెలిగేషన్ అంటే ఫిల్టర్ పని షేర్‌పాయింట్ దగ్గరే జరిగి, దొరికిన నాలుగు వరుసలే ఫోన్‌కి రావడం. నువ్వు సెర్చ్ ఫంక్షన్ వాడావనుకో, షేర్‌పాయింట్‌కి అది చేతకాదు, అప్పుడు యాప్ మొదటి 500 వరుసలు తెచ్చుకుని వాటిలోనే వెతుకుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని పెంచినా 2000 దగ్గర ఆగిపోతుంది. నీ దగ్గర 18 వేలున్నాయి! అంటే పొద్దున రాసిన పాసే, వాచ్‌మన్ లారీ నంబర్ కొడితే దొరకట్లేదు, పైగా ఎర్రర్ కూడా ఏమీ రాదు, పాస్ లేదనుకుని డ్రైవర్‌ని వెనక్కి పంపేస్తారు. స్లో అయితే తిట్లతో పోతుంది, ఇది ఒకరి రోజు కూలి పోయే విషయమమ్మా. ఫార్ములా పక్కన డెలిగేషన్ హెచ్చరికగా పసుపు త్రికోణం వస్తే చూసీచూడనట్టు వదలొద్దు. లారీ నంబర్ మొదటి అక్షరాల నుంచి కొడతారు కాబట్టి సెర్చ్ బదులు స్టార్ట్స్‌విత్ సరిపోతుంది, దాన్ని షేర్‌పాయింట్ తనే చేసి పెడుతుంది. టెస్ట్ చేయడానికి సెట్టింగ్స్‌లో ఆ 500 వరుసల పరిమితిని (రో లిమిట్) 1 పెట్టి యాప్ నడిపించు, ఎక్కడ ఒక్క వరుసే వచ్చిందో అక్కడ తప్పుందని తెలిసిపోతుంది, అయ్యాక మళ్లీ మార్చడం మర్చిపోకు.

పాస్‌లు వరుసగా చూపించే గ్యాలరీలో ప్రతి వరుసకీ డ్రైవర్ పేరు కోసం ఇంకో లిస్ట్‌లో వెతికే లుక్అప్ పెట్టావేమో కూడా చూడు. యాభై వరుసలుంటే యాభై సార్లు సర్వర్ దగ్గరికి పోయొస్తుంది. పాస్ రాసేటప్పుడే ఆ పేరు కూడా అదే వరుసలో సేవ్ చేసేస్తే ఈ తిరుగుడు ఉండదు. ఫోన్‌లో తీసిన లోడు ఫోటోలు ఫుల్ సైజులో లిస్ట్‌లో చూపించకు, చిన్నవి చూపించు.

ఇక కెరీర్ సంగతి. సరిచేశాక మళ్లీ మానిటర్ స్క్రీన్‌షాట్ తియ్యి. రెజ్యూమెలో "పవర్ యాప్స్ తెలుసు" అని అందరూ రాస్తారు. 18 వేల ఎంట్రీల యాప్‌ని ఇన్ని సెకన్ల నుంచి ఇన్ని సెకన్లకి తెచ్చాను, ఇదిగో ఇలా అని రాసేవాళ్లు తక్కువ, ఇంటర్వ్యూలో డెలిగేషన్ అడిగితే నువ్వు ఆ గేట్ దగ్గర జరిగింది చెప్పు చాలు. రాత్రిళ్లు ఒక గంట ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌ల భాష) నేర్చుకో, బీకామ్ అని వెనక్కి తగ్గొద్దు, స్టాక్, ఇన్‌వాయిస్, లెడ్జర్ అర్థమయ్యే డెవలపర్ దొరకడం కంపెనీలకి కష్టమే. మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్ డెవలపర్ ప్లాన్ ఫ్రీగా ఉంది, అందులో డేటావర్స్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ మీద ఇదే గేట్‌పాస్ యాప్‌ని ఇంట్లో మళ్లీ కట్టి చూడు, తేడా నీకే తెలుస్తుంది. పీఎల్-900 అని మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ పరీక్షల్లో బేసిక్‌ది, అక్కడ మొదలుపెట్టు. ఆరు నెలలయ్యాక కూడా జావా మీదే మనసుంటే అప్పుడు చేరు, అమీర్‌పేట ఎక్కడికీ పోదు.

ఒక్క పని మాత్రం వాయిదా వెయ్యకు. షేర్‌పాయింట్ లిస్ట్ 20 వేలు దాటితే కొత్తగా కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) పెట్టనివ్వదు, నీ లిస్ట్ దగ్గరకొచ్చేసింది. లారీ నంబర్‌కి, తేదీకి ఇండెక్స్ ఉందో లేదో రేపు ఆఫీసుకి వెళ్లగానే చూడు.