ప్రాంతీయ పురావస్తు పరిశోధనకు తోడ్పడినవారికి సన్మానం: ఎంపిక ఎలా, పత్రంలో ఏం రాయాలి?

విశాఖలో మీ చరిత్ర సంఘం తరఫున ఏటా ఒక సన్మానం పెట్టాలనుకుంటున్నారు. పురావస్తు ఉద్యోగంలో ఉన్నవారినీ, ఆసక్తి కొద్దీ గుట్టలు తిరిగిన టీచర్లనూ, రైతులనూ కలిపి గౌరవించాలి, ఎంపిక ఎలాగని అడిగారు. ఇలాంటి ఎంపికల్లో పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను: శాలువా సంగతి తర్వాత, ముందు నామినేషన్ ఫారం చూసుకోండి. తేడా వచ్చేది అక్కడే.

ఫారంలో ‘ఈ రంగానికి చేసిన సేవ’ అని ఒకే గడి పెడితే పొగడ్తలే వస్తాయి. నాలుగు విషయాలు అడగండి. ఏ చోటు, అంటే ఊరు, మండలం, గుట్ట పేరు. ఏ ఏడు. అక్కడ ఈ మనిషి స్వయంగా చేసిన పని ఏమిటి. దాని ఆధారం ఇప్పుడు ఎక్కడుంది. నోట్‌బుక్, స్కేలు పెట్టి తీసిన ఫొటో, శాసనం అచ్చు (రాతి మీది అక్షరాలను కాగితం మీదికి తీసిన ముద్ర), పురావస్తు శాఖకు రాసిన ఉత్తరం నకలు, మ్యూజియం రసీదు, వీటిలో ఏదైనా ఆధారమే. నాలుగో గడి ఖాళీగా వచ్చిందని పక్కన పెట్టేయకండి, ఇద్దరిని వాళ్లింటికి పంపండి. ఔత్సాహికుల పని చాలావరకు పాత డైరీల్లో, ఫొటో కవర్లలో ఉండిపోతుంది. ఫారం నింపడం వాళ్లకి అలవాటుండదు.

ఇంటికి వెళ్లినవాళ్లు చూడాల్సింది వస్తువుల్ని కాదు, చీటీల్ని. చీటీ లేని కుండపెంకుల సంచి ఎంత పెద్దదైనా దాంతో చెప్పగలిగేది చాలా తక్కువ. గుట్టకు ఏ వైపు వాలులో కనిపించింది, నేల మీదా లేక వాన కోసిన గట్టులోనా, గట్టులో అయితే పైనుంచి ఎంత లోతున, తేదీ, చూసినవారి పేరు: ఇవి ఉన్న చీటీతో మూడు పెంకులున్నా చాలు. చీటీ పెన్సిలుతో రాసి ఉంటే ఆ మనిషికి పని తెలుసని నమ్మవచ్చు. మన సముద్రపు తేమకి పెన్ను సిరా పాకిపోతుంది, పెన్సిలు రాత నిలుస్తుంది.

వృత్తి నిపుణులకు ఒకటి, ఔత్సాహికులకు ఒకటి అని అవార్డును రెండుగా చీల్చకండి. రెండోది చిన్నదన్న భావం వచ్చేస్తుంది, అది న్యాయం కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులు. ముఖలింగం గుడి శాసనాల లిపిని సొంతంగా నేర్చుకుని చదివారు. శాలిహుండం బౌద్ధస్థలాన్ని 1919లో వెలుగులోకి తెచ్చిందీ ఆయనే, పురావస్తు శాఖల తవ్వకాలు ఆ తర్వాతవి. విశాఖ దగ్గరి బౌద్ధస్థలం తొట్లకొండ 1976లో నౌకాదళం చేసిన ఏరియల్ సర్వేలో కంటపడింది, రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. చూసినవారు ఒకరు, తవ్వినవారు ఇంకొకరు. అందుకే విభాగాలు పనిని బట్టి పెట్టండి: గుర్తించడం, తవ్వడం, గీయడం-ఫొటో తీయడం, చదవడం, కాపాడటం. అప్పుడు డ్రాఫ్ట్స్‌మన్, కాపలాదారు, మట్టి రంగు మారగానే చేయి ఆపే తవ్వకం కూలీ కూడా లెక్కలోకి వస్తారు. నా దృష్టిలో మొదటి ఏడాది సన్మానం అలాంటి కూలీకే దక్కాలి. రిపోర్టుల్లో వాళ్ల పేర్లు ఉండటం అరుదు.

‘కొత్త శాసనం కనుక్కున్నాను’ అన్న నామినేషన్లు ఎక్కువగా వస్తాయి. శాసనాల పాఠాలు అచ్చువేసిన సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ సంపుటాలు, పురావస్తు శాఖలో శాసనాలు చూసే విభాగం (ఎపిగ్రఫీ) వార్షిక నివేదికలు తిరగేయకుండా ఒప్పుకోకండి. సింహాచలం శాసనాలు 6వ సంపుటంలో అచ్చయ్యాయి. నివేదికల్లో ఊళ్లు పాత తాలూకాల కింద, పాత స్పెల్లింగులతో ఉంటాయి కాబట్టి ఇప్పటి మండలం పేరుతో వెతికితే దొరక్క, కొత్తదనుకుంటారు. ముందే నమోదైన శాసనమని తేలినా ఆ శ్రమ వృథా కాదు. రాయి మీద సున్నం కొట్టారనో, సిమెంటు పూశారనో, చోటు మార్చారనో చెప్పినవారు కూడా చేసింది పనే. పత్రంలో ‘కనుగొన్నందుకు’ అనే మాట తీసేసి ‘ప్రస్తుత స్థితిని నమోదు చేసినందుకు’ అని రాయండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. బీరువా నిండా నాణేలు, విగ్రహాలు పెట్టుకున్నవారిని ‘గొప్ప సేకర్త’ అని వేదికెక్కిస్తే మరుసటి ఏడాదికి కుర్రాళ్లు గునపాలు పట్టుకుని గుట్టలెక్కుతారు. 1878 గుప్తనిధుల చట్టం (ట్రెజర్ ట్రోవ్ యాక్ట్) ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయల విలువ మించిన నిధి గురించి కలెక్టరుకు తెలపాలి. పురావస్తువుల మీద 1972 చట్టం వేరే ఉంది. మ్యూజియానికి అప్పగించి రసీదు తెచ్చుకున్నవారికైతే సంతోషంగా ఇవ్వండి.

సన్మాన పత్రం మూడు వరసలు చాలు, బిరుదులు వద్దు. ‘ఫలానా ఊరి చెరువుగట్టు శాసనాన్ని 2009లో గుర్తించి, అచ్చు తీయించి, రాయి చుట్టూ అరుగు కట్టించినందుకు’: ఇలా ఉండాలి. అచ్చుకు పంపే ముందు ఆ మనిషికే చదివి వినిపించండి. ‘నాతో ఫలానా ఆయన కూడా వచ్చాడండీ’ అని రెండో పేరు చాలాసార్లు అప్పుడే బయటపడుతుంది. కాపలా లేని చోట్ల కచ్చితమైన లొకేషన్ మాత్రం పత్రంలోగానీ ఫ్లెక్సీలోగానీ ఫేస్‌బుక్‌లోగానీ పెట్టకండి. గుప్తనిధుల ముఠాలు అలాంటి వాటి కోసమే చూస్తుంటాయి. అది పురావస్తు శాఖకు విడిగా రాసివ్వండి.

మెమెంటో డబ్బుతో వాళ్ల నోట్‌బుక్కులు స్కాన్ చేయించండి. పేజీలకు 400 డీపీఐ, ఫొటోలకు 600 సరిపోతుంది. ఒక కాపీ కుటుంబానికి, ఒకటి ఆంధ్ర విశ్వవిద్యాలయం చరిత్ర-పురావస్తు విభాగానికి ఇవ్వండి. రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అసలు పుస్తకాలు ఇంట్లోనుంచి కదపకండి. ఫిల్మ్ నెగటివ్‌లుంటే ముందు అవి చేయించండి, ఈ తేమలో బూజు పట్టేస్తాయి.

నవంబరు 19 నుంచి 25 దాకా వారసత్వ వారోత్సవాలు జరుగుతాయి, సభ అప్పుడు పెట్టుకోండి. ఎండ తగ్గి ఉంటుంది కనుక మరుసటి ఉదయం అనకాపల్లి దగ్గరి బౌద్ధస్థలం బొజ్జన్నకొండకు అందరూ వెళ్లి రావచ్చు. మెట్లెక్కలేని పెద్దవారికి సభ దాకా ఆగకుండా ఇంటికే వెళ్లి ఇచ్చి రండి.